మ్వాకా పండుగలో కొట్టనివాడు

మలిందీ రేవు వెనక, చేపల బజారు వాసన గోడలకు పట్టేసిన సందులో ఉండేది మీజే ఇల్లు. సుల్తాను మేడ మీద ఎర్రజెండా ఎగురుతున్నా పెత్తనం తెల్లవాళ్ళదైన రోజులు. జాంజిబారులో మొదటిసారి కాలు పెట్టినవాడు, చుట్టం పక్కం లేనివాడు, ఎక్కడ తలదాచుకోవాలని ఎవరిని అడిగినా వేలు అటే చూపేవారు. అక్కడ నులకమంచం దొరుకుతుంది, అల్లం వేసిన నల్ల కాఫీ దొరుకుతుంది, కొబ్బరిపాలలో ఉడికిన కందులు దొరుకుతాయి. వీటన్నిటికంటే ముందు ఒక పాఠం దొరుకుతుంది. ఆ పాఠం విననివాడికి మీజే మంచం చూపించేది కాదు. రోలు ముందు నిలబడి దంచుతూనే చెప్పేది. వినేవాడు దిక్కులు చూస్తే రోకలి గాలిలో ఒక్క క్షణం ఆగేది, వాడు సర్దుకుని కూర్చునేవాడు.

"తలుపు తెరిచుంది కదా అని ఎవరింట్లోకీ దూరిపోకు. గడప అవతల నిలబడి హోదీ అని పిలువు. మూడుసార్లు పిలువు. పలక్కపోతే వచ్చిన దారినే పో. గొంతెండి చస్తున్నా సరే, పో."

ఇది మొదటి మాట. రేవు పట్టణాల గురించి పుస్తకాలు రాసిన పెద్దలు దీపస్తంభం ఎంత ఎత్తో, పోటు సమయంలో నీళ్ళు ఎంత లోతో, ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో విపులంగా రాస్తారు. ఎవరి అరుగు మీద కూర్చుంటే పళ్ళు రాలతాయో మాత్రం రాయరు. అది రాయాలంటే పళ్ళు రాలినవాడే రాయాలి. మీజేకు రాయడం రాదు గాని, ఆమె చెప్పే ప్రతి మాట అడుగునా ఎవరిదో నెత్తురు ఉంది.

మొదటి మాట అడుగున ఉన్నది ఆమె మొగుడి నెత్తురు.

మొగుడి పేరు ఉస్సీ, రేవులో హమాలీ. మీజేది దక్షిణపు పల్లె, తండ్రి చేపలు పట్టేవాడు. ఉస్సీ ఆమెను పెళ్ళాడి పట్నం తెచ్చి, మొదటి ఏడంతా పొద్దున్నొకటి సాయంత్రమొకటి చొప్పున కొట్టాడు. ఒక రోజు ఆమె రోకలి తిప్పి వాడి భుజం ఎముక విరిచింది. ఆ తరవాత కాపురం చక్కగా సాగింది. ఈ ముక్క ఆమె నవ్వుతూనే చెప్పేది, బతికుండగా ఉస్సీ కూడా నవ్వేవాడు, కుడిచెయ్యి తలపైకి ఎత్తలేకపోయినా.

వాడు చచ్చిపోయింది మాత్రం ఆమె చేతిలో కాదు. మక్రాన్ తీరం నుంచి పొద్దున్నే దిగిన కళాసి ఒకడు దాహమేసి, తెరిచి ఉన్న తలుపు చూసి లోపలికొచ్చి కుండ మీద చెయ్యి వేశాడు. వాడి దేశంలో తెరిచిన తలుపంటే రమ్మన్నట్టే. ఉస్సీకి అది దొంగతనం. దుడ్డుకర్ర ఎత్తాడు. నీళ్ళడిగినవాడిని చంపే ఊరా ఇది అనుకున్నాడు కళాసి, మొల్లోని కత్తి తీశాడు. అది డొక్క కింద దిగి పైకి తిరిగింది. మీజే పెరట్లోంచి వచ్చేసరికి ఉస్సీ గోడకు జారబడి తన పేగులు తానే రెండు చేతులా లోపలికి అదుముకుంటున్నాడు. సందులో జనం ఆ కళాసిని పట్టుకున్నారు. రాళ్ళతో, చేపల కత్తులతో, చివరికి కాళ్ళతో. ముఖమంటూ లేకుండా పోయేదాకా వాడు ఒక్క మాటే అంటూ పోయాడు. ఆ మాటకు వాళ్ళ భాషలో నీళ్ళని అర్థమని మీజేకు తరవాతెప్పుడో తెలిసింది.

ఇద్దరూ తప్పు చెయ్యలేదు, ఇద్దరూ చచ్చారు. దుర్మార్గుడి కత్తికంటే ఊరు తెలియనివాడి కత్తి లోతుగా దిగుతుందని ఆ రోజు ఆమెకు అర్థమైంది. ఇంట్లో నులకమంచాలు వేసింది అందుకే. జాలితో అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

మిగతా మాటలూ అలాంటివే. మనిషిని నీది ఏ తెగ అని అడక్కు, ఏ మసీదులో నమాజు చేస్తావని అడుగు. ఈ మాటకు ఆధారం చెవి పోగొట్టుకున్న ఒక కొమొరో దీవుల వంటవాడు. డప్పు వినిపిస్తే గెంతకు, ముందు అది ఎవరి డప్పో కనుక్కో. దీనికి ఆధారం పొట్టలో బల్లెం దిగిన ఇద్దరు అన్నదమ్ములు. పోట్లాట మధ్య ఆడమనిషి తను పైన చుట్టుకున్న లెసో గుడ్డ తీసి నేల మీద పరిస్తే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే దించెయ్యి. ఆ గుడ్డ దాటినవాడికి ఈ ఊళ్ళో పాడె మోసేవాడు దొరకడు.

దక్షిణపు గాలి మొదలై, ఉత్తరానికి పోయే తెరచాప ఓడలు వరసగా లంగరు ఎత్తుతున్న రోజుల్లో అవద్ ఆమె ఇంటికి వచ్చాడు. వచ్చాడనడం తప్పు, మోసుకొచ్చారు. హద్రమౌత్ అరబ్బు, ముప్ఫై దాటని మనిషి. జ్వరంతో కాలిపోతుంటే వాళ్ళ ఓడ నడిపే సరంగు మనిషినీ చాపనూ కలిపి రేవు మెట్ల మీద దించేసి పోయాడు. వేపాకు లాంటి చేదాకు ఏదో నూరి పోసి మీజే వాణ్ణి నిలబెట్టింది. లేచి కూర్చున్న రోజే పాఠం చెప్పింది. వాడు తలెత్తకుండా విన్నాడు, తన వంకర కత్తి ఆమె చేతికి తనే తీసిచ్చాడు. అంతమంది వచ్చిపోయారు గాని, అడక్కుండా కత్తి ఇచ్చినవాడు వాడొక్కడే. వంటకు కట్టెలు కొట్టేవాడు, ముసలివాళ్ళకు దారిచ్చేవాడు, సందులో కుక్కను కూడా అదిలించేవాడు కాదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు పట్నం చూసి చిందులేసే కుర్రకళాసుల మధ్య ఆ నెమ్మదితనం ఆమెకు ముచ్చటేసింది. రెండు రోజులే అతిథి, మూడో రోజు చేతికి పార ఇవ్వమని ఆ దేశపు సామెత. పార లేదు గనక, తమ్ముడు జేచా దగ్గర హమాలీ పనిలో పెట్టింది.

జేచా మలిందీ హమాలీలకు పెద్ద. మెడ ఎద్దు మెడ, నోరు చేపల బజారు. మనసు మంచిదే అంటారు, ఆ మనసు దాకా వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. ఒక రోజు లవంగం బస్తాలు ఓడలోకి దించుతుంటే అవద్ చేతిలో తాడు జారింది. బస్తాల గుత్తి పైనుంచి వచ్చి జేచా ఎడమ పాదం మీద పడింది. వేళ్ళు మూడు పిండి అయ్యాయి. నొప్పికి కళ్ళు కనబడని జేచా చేతిలో ఉన్న బస్తా కొక్కెం విసురుగా తిప్పాడు. అది అవద్ చెంపలో దిగి పెదవి దాకా చీల్చింది. లోపలి పళ్ళు బయటికి కనిపించాయి.

రేవంతా ఆగిపోయింది. అరబ్బుకు చేసిన గాయం అప్పు లాంటిది, తీరేదాకా నిద్రపోడని అందరికీ తెలుసు. అవద్ మాత్రం చెంప అదుముకుని, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతుండగా, జేచా పాదం మీది బస్తాలు ఒంటిచేత్తో లాగడం మొదలుపెట్టాడు. అది చూసి హమాలీలకు ఇంకా భయమేసింది.

తగువు మకామే తాత దగ్గరికి పోయింది. దక్షిణపు పల్లెల వాళ్ళు పట్నానికి వస్తూ తమ మ్వాకా పండుగను కూడా మూట కట్టుకొచ్చారు. ఏడాది మారే ఆ రోజు కొబ్బరాకుల గుడిసె ఒకటి వేసి తగలబెట్టేది మకామే తాతే. ఆయన ఇద్దరినీ చూసి, మ్వాకా దగ్గర్లోనే ఉంది, అక్కడ తేల్చుకోండి అన్నాడు. సరేనన్నారు. మీజే ఆ చెంపను ఉప్పునీళ్ళతో కడిగి, గుర్రపు వెంట్రుకతో కుట్టింది. ఆ ఏటి పండుగకు తన ఇంటి అతిథి నువ్వేనని కూడా చెప్పింది. మ్వాకా నాడు అతిథి లేని ఇల్లు ఏడాదంతా బోసిగా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

పండుగ సంగతులన్నీ వాడికి విడమరిచింది. పచ్చి అరటి మట్టలే తేవాలి, కర్ర తేకూడదు, ఇనుము అసలే కూడదు. తల మీద కొట్టకూడదు. చుట్టూ ఆడవాళ్ళు బూతులు పాడతారు, పట్టించుకోకు. గుడిసె కాలి కూలిపోయాక పగలన్నీ బూడిదే, ఆ మీదట చెయ్యెత్తితే ఊరంతా నీ మీద పడుతుంది. అంతా చెప్పింది. చేపపిల్లకు ఈత నేర్పాలన్న సంగతి ఎవరికి తోస్తుంది? ఒక్క మాట చెప్పలేదు. కొట్టి తీరాలని చెప్పలేదు. అది చెప్పవలసిన మాటని ఆమెకు తట్టనే లేదు.

పండుగ నాడు కాలువ అవతలి మైదానంలో మిట్టమధ్యాహ్నం ఎండ. ఉత్తరపు పేటల వాళ్ళొక పక్క, దక్షిణపు వాళ్ళొక పక్క. మకామే తాత కేక వెయ్యగానే రెండు వరసలూ ఢీకొన్నాయి. పచ్చి అరటి మట్ట మెత్తనిదే అనిపిస్తుంది. నీరు నిండిన ఆ బరువు వీపు మీద పడితే చర్మం చిట్లుతుంది, చెవి మీద పడితే సాయంత్రం దాకా మోగుతుంది. నోళ్ళలోంచి నెత్తురు ఉమ్ముకుంటూ, నవ్వుకుంటూ, ఏడాది పొడుగునా మింగిన మాటలన్నీ కక్కుకుంటూ కొట్టుకున్నారు. బావమరుదులు బావమరుదుల్ని, బాకీదార్లు షావుకార్లని, పాత స్నేహితులు పాత స్నేహితుల్ని. ఆడవాళ్ళు వలయంగా నిలబడి, మీజే స్నేహితురాలు కాజీజా అనే నల్లటి పొడుగాటి మనిషి ముందు పాడగా, మగవాళ్ళ మగతనాల మీద కడుపు చెక్కలయ్యే పాటలు కట్టారు.

గుంపు కొట్లాట సద్దుమణిగాక, అసలు తగువులున్న జంటలు ఒక్కొక్కటే ముందుకు రావాలి. గుడిసెకు నిప్పు పెట్టారు. జేచా కుంటుకుంటూ వచ్చి, పోయిన వేళ్ళ కసి అంతా చేతిలోకి తెచ్చుకుని అవద్ భుజాల మీద మట్ట విరిగేదాకా కొట్టాడు. కొట్టి ఊపిరి పీల్చుకున్నాడు, ముఖం తేటపడింది. చొక్కా విప్పి, వీపు తిప్పి వంగాడు. ఇప్పుడు అవద్ వంతు.

అవద్ మట్ట కింద పెట్టాడు. జేచాను లేపి కౌగిలించుకున్నాడు.

"నా మనసులో ఏం లేదన్నా. నిన్ను నేను కొట్టను."

పాట ఆగిపోయింది. కొట్టనివాడు క్షమించాడని అనుకునే మనుషులు కారు వాళ్ళు. మ్వాకా నాడు బయట పెట్టని కోపం కడుపులో దాచుకున్న కోపం. దాచుకున్నదాన్ని ఇనుముతోనే బయటికి తీస్తారు, ఏ సందు మలుపులోనో, వెనకనుంచి. ఆ మైదానంలో ఉన్న ప్రతివాడికీ ఆ కౌగిలింత ఒక్కలాగే అర్థమైంది. నిన్ను తరవాత చంపుతానని అందరి ముందూ చెప్పడం.

జేచా ముఖం బూడిద రంగుకు తిరిగింది. వాడి మనుషులు నడుముల వెనక చేతులు పెట్టారు. ఇనుము కూడదన్న పండుగ నాడైనా హమాలీల కొక్కేలు అక్కడే ఉంటాయి.

మీజేకు జరిగింది తెలిసింది, జరగబోయేదీ తెలిసింది. గుడిసె కూలేలోగా వాడు కొట్టకపోతే ఈ మైదానం దాటడు. వాణ్ణి చంపినందుకు తెల్లవాళ్ళ పోలీసులు తమ్ముణ్ణి ఉరి తీస్తారు. ఒక్క మాట చెప్పని పాపానికి రెండు శవాలు.

పరుగెత్తి అవద్ చెయ్యి పట్టుకుంది. కొట్టు, కొట్టకపోతే చంపుతారు, ఇక్కడ ఇదే పద్ధతి, చెప్పడం మరిచాను అని గబగబా చెప్పింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నా వల్ల కాదు పిన్నీ. మా ఊళ్ళో బావి దగ్గర వంతు కోసం బాబాయి కొడుకుని చంపాను. తల బండకేసి కొట్టి కొట్టి చంపాను. వాళ్ళమ్మ కాళ్ళ మీద పడి ఒట్టేశాను, ఇక మనిషి మీద చెయ్యెత్తనని."

ఆమె ఆ మాటే పట్టుకుని మకామే తాత వైపు తిరిగి, వీడికి ఒట్టుంది, బాబాయి కొడుకుని చంపి ఒట్టేసుకున్నాడు, అందుకే కొట్టడం లేదని అరిచి చెప్పింది. చెప్పాక గాని తప్పు తెలియలేదు. జనం ఒక అడుగు దగ్గరికి జరిగారు. ఇప్పుడు వాళ్ళకు కనిపిస్తున్నది పగ దాచుకున్నవాడు మాత్రమే కాదు, ఇదివరకే ఒకణ్ణి చంపి ఉన్నవాడు.

మకామే తాత గొంతు పెంచకుండానే అన్నాడు. "ఒట్టు వాళ్ళ దేశంలో వేసుకున్నాడమ్మా. నిప్పు మన దేశంలో మండుతోంది."

"అక్కా, పక్కకు జరుగు," అన్నాడు జేచా. చేతిలో కొక్కెం ఉంది. "ఆడమనిషి మధ్యలో ఉంటే బాగుండదు."

లెసో గుడ్డ పరవవచ్చు. పరిస్తే ఈ పూట ఆగుతుంది, రేపు ఏ గిడ్డంగి వెనకో పని కానిస్తారు. వాడు కొట్టాలి. వాడే కొట్టాలి.

మీజే వాడి ముఖంలోకి చూసి నవ్వింది. అలాంటి నవ్వు ఆమె ముఖం మీద ఎవరూ అంతకుముందు చూడలేదు.

"అందుకేరా నీ సరంగు నిన్ను కుళ్ళిన చేపలా మెట్ల మీద పారేసి పోయాడు. బండకేసి కొట్టడానికి నీకు చంటిపిల్లాడు కావాలి, వీపు చూపించిన మగాడు పనికిరాడు. ఆ పోయినవాడి తల్లి నీ ఒట్టు విని ఏం చేసుంటుందో చెప్పనా? ఇంట్లోకెళ్ళి నవ్వుకునుంటుంది. మనవాడు చీరకట్టుకున్నాడని."

వాడు కదల్లేదు. కళ్ళు మూసుకున్నాడు. కాజీజా ఎంతైనా పాటలమనిషి. స్నేహితురాలి ఎత్తు అందుకుని ఆ చివరి మాటను పల్లవి చేసేసింది. వంద గొంతులు చప్పట్లతో అందుకున్నాయి. వాడి మెడ నరాలు ఉబ్బాయి, అయినా చేతులు కిందే ఉన్నాయి. వెనక గుడిసెను మోసే నిట్టాడు వంగింది.

మీజే కుడిచేతి గోళ్ళు వాడి చెంప కుట్ల మీద పెట్టి కిందికి లాగింది. తను కుట్టిన కుట్లే. చర్మం తడిగుడ్డ చినిగినట్టు విచ్చుకుంది.

అవద్ గొంతులోంచి వచ్చింది కేక కాదు, ఇంకేదో. మట్ట ఎప్పుడు అందుకున్నాడో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బ మీజే మూతి మీద పడింది. ముందు పళ్ళు రెండు నాలుక మీద రాళ్ళలా దొర్లాయి, ఆమె వెల్లకిలా పడింది. పడి కూడా జేచా వైపు చెయ్యి చూపించింది. రెండో దెబ్బ నుంచి అన్నీ జేచాకే. వీపు, మెడ, డొక్కలు. మట్ట పీచుపీచై పోయింది. ఇంకో మట్ట ఎవరో అందించారు, అదీ పోయింది. తరవాత పిడికిళ్ళు. తల మీద కొట్టకూడదన్న మాట వాడికి గుర్తులేదు, గుర్తుచేసే తీరికా ఎవరికీ లేదు, జనం ఆనందంతో ఊగిపోతున్నారు. జేచా ముక్కు పక్కకు పోయింది. ఎడమ కన్ను మూసుకుంది, ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు. గుడిసె పెళపెళమని కూలింది. మకామే తాత ఆపమని చెయ్యెత్తాడు. అవద్ ఆగలేదు. జేచా తలను రెండు చేతులా పట్టుకుని నేలకేసి కొట్టబోతుండగా నలుగురు హమాలీలు మీద పడి విడదీశారు. గుడిసె కూలాక దెబ్బ పడలేదు గనక ఎవరూ తప్పు పట్టలేదు.

జేచా చాలాసేపటికి లేచి కూర్చున్నాడు. నెత్తురూ పసరూ కలిపి కక్కి, ఉన్న ఒక్క కంటితో అవద్‌ను వెతుక్కున్నాడు.

"అబ్బ, కడుపులో ఎంత పెట్టుకున్నావురా తమ్ముడూ," అన్నాడు. "పలావు తెండి."

ఒకే తాంబాళంలో ఇద్దరిచేతా తినిపించారు. అంతకుముందు కొక్కేలు తీసినవాళ్ళే అవద్ వీపు తట్టి, వాడి నోట్లో మాంసం ముక్కలు పెట్టారు. నమిలితే చెంప చీలికలోంచి కూర కారింది, అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు.

పొద్దు వాలకముందే మీజే వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి పెరట్లో కూర్చోబెట్టింది. చెంప మళ్ళీ కుట్టింది. పిడికిళ్ళ తోలు లేచిపోయి ఉంటే గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి చేతులు ముంచమంది. ఆమె పెదవి వాచి మాట సరిగా రావడం లేదు.

"తిట్టు," అంది. "బతకాలని చేశాను. అయినా తిట్టు."

అవద్ నీళ్ళు ఎర్రబడటం చూస్తూ కూర్చున్నాడు.

"నిన్నెందుకు తిట్టడం పిన్నీ. మొదటి దెబ్బ నువ్వు కొట్టించావు. ఆ తరవాతవి నావే." గొంతు తగ్గించాడు. "తల పట్టుకున్నప్పుడు హాయిగా ఉంది. అప్పుడూ ఇలాగే ఉంది, బావి దగ్గర. అందుకే వేశాను ఆ ఒట్టు. చచ్చినవాడి కోసమని అందరూ అనుకున్నారు."

మీజే దగ్గర రేవులో దిగే ప్రతివాడికీ చెప్పడానికి ఒక మాట ఉండేది. ఈసారి ఆమె రాలిన పళ్ళ నెత్తురు పక్కకు ఉమ్మేసింది. గిన్నెలో నీళ్ళు పారబోసి మళ్ళీ మంచినీళ్ళు పోసింది.

సందు చివర హమాలీలు గుంపుగా పోతున్నారు. ఉత్తరపు పేటవాడెవడో పండుగ అయిపోయాక కూడా తమవాడి మీద చెయ్యి చేసుకున్నాడట. తమ్ముడూ, రారా, నువ్వుంటే చాలు అని అవద్‌ను కేకేసి పిలిచారు. మీజే వాడి మణికట్టు పట్టుకుంది. వాడు నెమ్మదిగానే, ఎంతో మర్యాదగానే, ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని, తడి చేతులు నడుముకు తుడుచుకుంటూ లేచి వాళ్ళ వెంట గబగబా నడిచాడు.